వలల కొప్పెరలో మా పరిచర్య

నర్సింగు స్కూలు అమ్మాయిలు నలుగురు మొన్న మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏదైనా చెప్పండి, మా పత్రికలో వేసుకుంటాం" అని అడిగారు. గొప్ప పనులు చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారమ్మా, నేను ఒక కొప్పెర నిండా చేసిన తప్పు ఉంది, కావాలంటే అది చెబుతాను అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాఫీ తాగి, మళ్ళీ వస్తామని వెళ్ళారు. రాలేదు. అందుకని నేనే రాసి పంపిస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే పొట్లాలు కట్టుకోండి.

అరవయ్యో దశకం మొదట్లో మాట. మిషన్ ఆస్పత్రిలో నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఇంకా ఖాయం కాలేదు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, ప్రపంచంలో సగం రోగాలు మురికివల్లా మిగతా సగం నా మాట వినకపోవడంవల్లా వస్తాయని గట్టి నమ్మకం. ఏటా ఎండాకాలంలో మా సంఘంవాళ్ళు పది రోజుల పరిచర్యకి ఒక జట్టును ఎక్కడికో ఒకచోటికి పంపేవాళ్ళు. ఆ ఏడు అనాథ పిల్లలకు సేవ అన్నారు. "ఎవరు వెళ్తారు?" అని మేట్రన్ అడగగానే నేను చెయ్యి ఎత్తాను. ఎక్కడికో ఎత్తిన తరవాత చెప్పింది. అప్పటికే మిగతావాళ్ళందరూ చేతులు కట్టుకుని నన్ను చూసి నవ్వుతున్నారు.

కోవూరు దాటి సముద్రం వైపు పోవాలి. బస్సు ఒక చోట ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఎడ్లబండి. బండి కూడా దిగబడే చోటినుంచి ఇసకలో రెండు మైళ్ళ నడక. జట్టులో ముగ్గురం. ఒకరు బైబిలు స్కూలు నుంచి అప్పుడే బయటికి వచ్చిన చిన్న అయ్యగారు. ఇంకొకరు పాటల టీచరమ్మ, హార్మోనియం లేకుండా గుమ్మం దాటదు. మూడోదాన్ని నేను, మందుల పెట్టెతో. ఇవికాక విదేశాలనుంచి దానంగా వచ్చిన పాతబట్టల మూటలు రెండు. అయ్యగారు హార్మోనియం నెత్తిన పెట్టుకుని, దారి పొడుగునా "స్తోత్రం, స్తోత్రం" అంటూ నడిచారు. భక్తితో అన్నారో బరువుకు అన్నారో నేను అడగలేదు.

నా దగ్గర ఇంకొకటి ఉంది. మేట్రన్ ఇచ్చిన ఫారం. ఆ పిల్లల ఇల్లు ఉంచాలా మూసెయ్యాలా అని సంఘం కమిటీవాళ్ళు ఆలోచిస్తున్నారట. పదో రోజు స్వయంగా వస్తారు. ఆరోగ్యం సంగతి నర్సు రాసి ఇవ్వాలి. మూసేస్తే ఆడపిల్లల్ని వెంకటాచలం వైపు ఒక హాస్టలుకీ, మగపిల్లల్ని గూడూరు వైపు ఇంకో హాస్టలుకీ పంపేస్తారు. "నీ ఫారమ్మీదే ఉందంతా" అంది మేట్రన్. నా మీద ఏదో ఒకటి ఆధారపడి ఉందని చెప్పడం అదే మొదటిసారి. ఆ కాగితం మడత నలగకుండా బైబిల్లో పెట్టుకున్నాను.

ఆ ఇంటిని నడిపే ఆవిడ ఒక ముసలామె. పిల్లలందరికీ ఆమె "అవ్వ". పూర్వం ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఒక గాలివానలో తల్లీతండ్రీ పోయిన పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని తెచ్చుకుని, తరవాత వచ్చినవాళ్ళని కాదనలేక, సరుగుడు తోట పక్కన తాటాకు కొట్టం వేసి ఇరవై ముగ్గుర్ని పెంచుతోంది. మేము దారిలో "అనాథలను ఓదార్చు" ధోరణిలో ఒక పాట కట్టుకుని సాధన చేశాం. తీరా చేరేసరికి, ఇసకలో కూరుకుపోతున్న చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచిన మాకు కాళ్ళు బొబ్బలెక్కి పాట పాడే ఓపిక లేదు. అవ్వ మమ్మల్ని చూసి, "అయ్యో నాయనల్లారా, చెప్పుల్లేకుండా ఏ పుణ్యాత్ముడు నడవమన్నాడు మిమ్మల్ని?" అని మజ్జిగ ఇచ్చి పిల్లల్ని కేకేసింది. మేము ఓదార్చడానికి వెళ్ళిన అనాథలు వరసగా కూచుని మా అరికాళ్ళకు ఆముదం రాశారు.

రాస్తున్నప్పుడే వాళ్ళ చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో గజ్జి. ఒక్కరికి కాదు, దాదాపు అందరికీ. లేచి కుంటుకుంటూ కొట్టమంతా తిరిగాను. దుప్పట్లు చూశాను, చాపలు చూశాను, నీళ్ళ కుండలు చూశాను. ఫారం తీసి పెన్సిలుతో ఒక్కొక్క ప్రశ్నకీ "లేదు, లేదు, లేదు" అని రాసుకుంటూ పోయాను. అడుగున చివరి ప్రశ్న: ఈ స్థలము పిల్లలుండుటకు తగినదా? "తగదు" అని రాసి కింద గీత కూడా గీశాను. నాకెంత తృప్తిగా ఉందో చెప్పలేను.

తల ఎత్తేసరికి ఒక పదేళ్ళ పిల్ల నా భుజం మీదుగా చదువుతోంది. చంకలో తమ్ముడు, అయిదేళ్ళవాడు, దిగమన్నా దిగే రకం కాదు.

"నర్సమ్మా, తగదంటే మమ్మల్ని పంపించేస్తారా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"అందరికీ తెలుసు. ఆడపిల్లకాయలు ఒక వూరికి, మొగపిల్లకాయలు ఒక వూరికి. వీడు నా పావడా అంచు పట్టుకుంటేగాని నిద్రపోడు. ఆడ వీడికి పావడా ఎవురు ఇస్తారు?"

జవాబు దొరకనప్పుడు నర్సులు చేసే పనే చేశాను, గొంతు పెంచాను. "ముందు గజ్జి పోనీ, తరవాత చూద్దాం" అన్నాను.

"గజ్జి పోతే ఆ కాగితంలో మారస్తావా?"

"చూద్దాం అన్నాను కదా!"

ఆ పిల్ల దాన్ని ఒప్పందం కింద తీసుకుంది. మర్నాటినుంచి జట్టుకు నాయకురాలు నేను కాదు, అది.

గజ్జికి ఆ రోజుల్లో గంధకం మలాం. సబ్బుతో తోమి స్నానం చేయించి, మెడనుంచి పాదం దాకా మూడు రోజులు వరసగా రాయాలి, ఆ మూడు రోజులూ స్నానం కూడదు. తరవాత మళ్ళీ స్నానం చేయించి, ఒంటిమీది బట్టలూ పక్కబట్టలూ అన్నీ ఒకే రోజు ఉడకబెట్టాలి. చెప్పడానికి సులువు. ఆ మలాం వాసన తగలగానే ఇరవై ముగ్గురూ సరుగుడు తోటలోకి మాయమయ్యారు. నేను ఒక వైపునుంచీ అయ్యగారు ఇంకో వైపునుంచీ తరిమాం. అయ్యగారు పంచె ముల్లుకంపకు తగిలించుకుని అక్కడే నిలబడి నన్ను అటు రావద్దని అరిచారు.

అప్పుడా పిల్ల టీచరమ్మ దగ్గరికి పోయి ఏదో మాట్లాడింది. తరవాత తోట వైపు తిరిగి, "మందు పూసుకున్నోళ్ళకే పెట్టె తిత్తి కొట్టే వంతు!" అని ఒక్క కేక పెట్టింది. పెట్టె అంటే హార్మోనియం. పావుగంటలో అందరూ వరసలో ఉన్నారు. ఒళ్ళంతా మలాం పూసుకున్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తిత్తి కొట్టడం, చేయి ఊరుకోక మెట్లు కూడా నొక్కడం. మూడు రోజులకు టీచరమ్మ హార్మోనియంలో ఏ మెట్టు నొక్కినా అది మళ్ళీ పైకి లేవడం మానేసింది. ఆ తరవాత ఆమె భోజనాల దగ్గర నాకు దూరంగా కూచునేది.

గజ్జి ఎండి తగ్గుముఖం పట్టింది. ఇక మిగిలింది బట్టలు. ఉన్నదల్లా అన్నం వండే గుండిగ ఒకటి. అందులో ఉడకబెడితే నాలుగు రోజులు పడుతుంది, ఈలోపు ఉడకని దుప్పట్లోంచి గజ్జి మళ్ళీ ఎక్కుతుంది. పెద్ద పాత్ర కావాలి. ఫర్లాంగు దూరంలో చేపలుపట్టేవాళ్ళ పల్లె ఉంది. అక్కడ ఒడ్డున రాళ్ళమీద బోర్లించిన ఇనప కొప్పెర ఒకటి నా కంట పడింది. అందులో పది మంది మనుషుల్ని కూచోబెట్టవచ్చు. పల్లెకు పెద్ద అయిన ముసలాయన వలకు చిరుగులు కుట్టుకుంటున్నాడు. ఆయన్ని అడిగాను.

"ఇస్తాలే అమ్మా, దానికేం. మా పనైపోయింది గదా. అయితే అది వలలు ఉడకేసే కొప్పెర. తుమ్మచెక్క ఉడికిచ్చి ఆ రసంలో వలలు ముంచుతాం, నూలు కుళ్ళిపోకుండా. బట్టలకి పనికొస్తాదో రాదో."

"మరిగిస్తే అన్నీ చచ్చిపోతాయి" అన్నాను. ఆయన దిగులు చెక్క గురించి, నా దిగులు క్రిముల గురించి. ఆయన నన్ను ఒకసారి చూసి, మళ్ళీ వల అందుకున్నాడు.

పల్లెవాళ్ళు మా కొట్టం ముందుకు దొర్లించుకొచ్చిన కొప్పెర అంచున పసుపూ కుంకుమా ఉన్నాయి. అయ్యగారు అది చూసి వెనక్కి తగ్గారు. ఇది మనం వాడవచ్చా, సంఘంవారు ఏమంటారు అని పెద్ద చర్చ లేవదీశారు. అవ్వ విసుక్కుంది. "అయ్యా, పసుపు గజ్జిని పెంచదు, తుంచదు. అది కాదు నా భయం. ఆ కొప్పెర వలలది తల్లీ, ఇంకోసారి ఆలోచించు" అంది నాతో.

"అవ్వా, నేను ట్రైనింగు అయినదాన్ని" అన్నాను. ఈ వాక్యం నా జీవితంలో ఇంకెప్పుడూ వాడలేదు.

కొబ్బరి పీచూ ఇసకా పెట్టి ఆ కొప్పెరను గంటసేపు తోమించాను. నీళ్ళు పోసి చూస్తే తేటగా ఉన్నాయి. చూశారా అన్నాను. పిల్లల బట్టలు, దుప్పట్లు, తలగడ గుడ్డలు అన్నీ వేశాను. పిల్లలకు ఒంటిమీద ఏదో ఒకటి ఉండాలి కదా, పాతబట్టల మూటలు విప్పాం. అన్నీ చలిదేశపు బట్టలు. మే నెల నెల్లూరు ఎండలో ఇరవై ముగ్గురు పిల్లలు ఉన్ని స్వెట్టర్లూ, మోకాళ్ళ దాకా వేళ్ళాడే కోట్లూ తొడుక్కున్నారు. ఆ పిల్ల తమ్ముడికి ఒక దొరసాని కోటు వచ్చింది, మెడ చుట్టూ బొచ్చు. వాడు మొదటిసారిగా అక్క చంక దిగి, ఆ బొచ్చు నిమురుకుంటూ ఒంటరిగా పది అడుగులు నడిచాడు. పల్లెవాళ్ళు ఆడా మగా పని మానుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు.

అంతమంది చూస్తున్నారు కదా, ఆదర్శం చూపించాలని నా తెల్ల యూనిఫారాలు మూడూ తెచ్చి అందరి ముందూ కొప్పెరలో వేశాను. ఊరికే ఉంటారా అయ్యగారు, తమ పంచెలూ, ఆదివారం ఆరాధనకి దాచుకున్న పొడుగు తెల్ల అంగీ, బల్లమీద పరిచే గుడ్డా తెచ్చి వేశారు. టీచరమ్మను అడిగితే, "నా హార్మోనియం చాలు" అంది. తరవాత చాకలి సోడా గుమ్మరించి మంట పెట్టించాను.

నీళ్ళు మరిగాయి. కొంచెం సేపటికి రంగు మారడం మొదలైంది. లేత పసుపు, తరవాత టీ రంగు. నేను పడవ తెడ్డుతో కలియబెడుతూ, "చూడండి, చూడండి, ఎంత మురికి దిగుతోందో! ఇదంతా మీ ఒంటిమీద ఉన్నదే!" అని ఉపన్యాసం మొదలుపెట్టాను. నీళ్ళు ఎంత నల్లబడితే నా గొంతు అంత పెరిగింది. కాఫీ డికాషను రంగుకు వచ్చేసరికి పరిశుభ్రత మీద నా ప్రసంగం మూడో భాగంలో ఉంది.

అవ్వ వచ్చి తొంగి చూసింది. "తల్లీ, అది మురికి కాదు."

"అవ్వా, మీరు పక్కకు జరగండి, ఆవిరి తగులుతుంది."

తెడ్డుతో పైకి తీసిన మొదటి గుడ్డ అయ్యగారి అంగీ. అది నల్లబెల్లం రంగులో ఉంది. అయ్యగారు ఎండలో కళ్ళు చిట్లించి, "అది నాది కాదనుకుంటాను" అన్నారు. ఆ తరవాత నా యూనిఫారాలు వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా వచ్చాయి. నేను తోమించింది పైపైన మాత్రమే. ఏళ్ళ తరబడి ఇనుముకు పట్టుకున్న తుమ్మచెక్క రసాన్ని నా సోడా అడుగునుంచి లాగి బట్టలకు ఎక్కించింది.

పల్లె పెద్ద వచ్చి ఒక దుప్పటి అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూశాడు. నిజమైన మెచ్చుకోలుతో, "ఇంత గట్టిగా మా వలలకి గూడా పట్టలేదమ్మా. ఏం కలిపినావు దీంట్లో?" అని అడిగాడు.

నాకు ఏడుపు వచ్చింది. వెళ్ళి సరుగుడు తోటలో కూచుని ఏడ్చాను కూడా. ఇంకో మూడు రోజుల్లో కమిటీ. టీచరమ్మకు జాలి కలిగిందో ఏమో, షర్బతుకని గూడూరునుంచి తెచ్చుకున్న నిమ్మకాయల సంచి పట్టుకొచ్చింది. నిమ్మరసం మరకలు పోగొడుతుందట. ఒక దుప్పటి మీద ప్రయోగం చేశాం. రసం పడినచోట మాత్రం రంగు విరిగింది, మిగతాది అలాగే ఉంది. దుప్పటి చిరుతపులి చర్మమైంది. పిల్లలకి అదెంత నచ్చిందంటే, నిమ్మకాయలన్నీ అయిపోయేదాకా వాళ్ళను ఆపలేకపోయాం.

పదో రోజు మధ్యాహ్నానికి ముందే కమిటీ వచ్చింది. ఇద్దరు. ఒకరు ఛైర్మన్‌గారు, మల్లెపువ్వులాంటి కోటు, ఎండకు గొడుగు. ఇంకొకరు పెద్ద దొరసానమ్మ, ఆమె తెలుగంతా గ్రంథాల్లోంచి నేర్చుకున్నది. పిల్లలు వరసగా నిలబడ్డారు, తల దువ్వుకుని, మొహాలు కడుక్కుని, నల్లబెల్లం రంగు బట్టల్లో. వరస చివర నేనూ అయ్యగారూ అదే రంగులో. టీచరమ్మ ఒక్కతే తెల్లచీరలో, ఎవరి పెళ్ళికో దారి తప్పి వచ్చినదానిలా నిలబడింది.

దొరసానమ్మ అద్దాలు తుడుచుకుని, "ఈ బిడ్డల వస్త్రములు ఏల ఇట్లున్నవి?" అంది.

ఛైర్మన్‌గారు అవ్వ వైపు తిరిగారు. "ఈ బట్టలు ఉతికి ఎన్నాళ్ళయిందమ్మా? ఇందుకేనా నీకు పిల్లల్ని అప్పజెప్పింది? చీ, చీ. పశువుల్ని కూడా ఇలా ఉంచరు."

అవ్వ తల వంచుకుంది. "తప్పే అయ్యా" అంది.

అమ్మాయిలూ, ఈ ఒక్క నిమిషం కోసమే ఇదంతా రాస్తున్నాను. అవ్వ తప్పేమీ లేదని మాకందరికీ తెలుసు. రెండుసార్లు హెచ్చరించిన మనిషి, నా మొహం చూసి, తన మీద వేసుకుంది. నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఎందుకంటే ఆ ఛైర్మన్‌గారే మా ఆస్పత్రి కమిటీలో కూడా ఉన్నారు, నా ఉద్యోగం ఖాయం చెయ్యాల్సిన కాగితం ఆయన దగ్గరే ఉంది. అవ్వకు పోయేదేముంది, ముసలామె, రెండు మాటలు పడుతుంది అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు వరసలోంచి ఆ పదేళ్ళ పిల్ల నా వైపు చూసింది. తిట్టలేదు, అడగలేదు, చూసిందంతే. తమ్ముడి చేతిలో దాని పావడా అంచు ఉంది.

"అవ్వ కాదండీ, నేను" అన్నాను. కొప్పెర సంగతి, సోడా సంగతి, ట్రైనింగు అయినదాన్నని అన్న సంగతి, అన్నీ చెప్పాను. మధ్యలో నిమ్మకాయల విషయం కూడా చెప్పాను, అది అవసరం లేదు. ఛైర్మన్‌గారు నా యూనిఫారాన్ని కిందనుంచి పైకి చూసి, "ఇదా నువ్వు నేర్చుకున్న నర్సింగు! ఖాయం సంగతి నేను చూస్తాలే" అన్నారు. చూస్తారని నాకూ తెలుసు.

దొరసానమ్మ మాత్రం కింద మోకాళ్ళమీద కూచుని, పిల్లల చేతులు ఒక్కొక్కటే తీసుకుని వేళ్ళు విడదీసి చూడడం మొదలుపెట్టింది. ఇరవై ముగ్గురినీ చూసింది. లేచి, "గజ్జి లేదు" అంది.

"ఉండకపోవచ్చు. అయినా ఇంత దూరం, రోడ్డు లేదు, డాక్టరు లేడు" అన్నారు ఛైర్మన్‌గారు. "మనం అనుకున్నట్టే చేద్దాం. పదకొండు మంది ఆడపిల్లలు అటు, పన్నెండు మంది మగపిల్లలు ఇటు. రేపే బండ్లు పంపిద్దాం."

ఆ పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుంది. నిజం చెప్పేస్తే అంతా చక్కబడుతుందని నేను అనుకుని ఉన్నాను. ఏమీ చక్కబడలేదు.

నేను తప్పు ఒప్పుకుంటున్నప్పుడే కొప్పెర తీసుకుపోదామని పల్లె పెద్ద నలుగురు మనుషులతో వచ్చి ఉన్నాడు. వరసను చూసి, పెద్దమనుషుల్ని చూసి, తలపాగా తీసి అంతా విన్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఒక్క మాట. ఈ పిల్లకాయల్ని పంపించేదానికి లేదు."

ఛైర్మన్‌గారు గొడుగు దించారు. "నువ్వెవరు?"

"కొప్పెర నాది. మా పల్లెలో ఒక కట్టుబాటుండాది. మా కొప్పెరలో ఉడికింది ఏదీ ఆ ఏడు వూరు దాటగూడదు. దాటితే గంగమ్మకి కోపమొస్తాది, వలలో చేప పడదు. ఈ పిల్లకాయల గుడ్డలన్నీ మా కొప్పెరలోనే ఉడికినాయి. కాబట్టి యాడికీ పొయ్యేదానికి లేదు."

"ఏమయ్యా, మతి ఉందా? ఆ కట్టుబాటు వలలకి. వీళ్ళు వలలు కాదు, పిల్లలు!"

పల్లె పెద్ద చాలా ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాడు. "అట్టనా అయ్యా? పదకొండు ఆ వూరికి, పన్నెండు ఈ వూరికి అని మీరు పంచతా ఉంటే, వలలేమో అనుకున్నా."

అయ్యగారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఛైర్మన్‌గారు వరస వైపు చూశారు. బహుశా ఆ రోజు వాళ్ళ బట్టల్ని కాక మొహాల్ని చూడడం అదే మొదలు. చెడ్డ మనిషి కాదాయన. ఎండగా ఉందని అన్నారు. నీళ్ళడిగారు.

దొరసానమ్మ నా ముందు చెయ్యి చాపింది. "ఆ పత్రము." ఫారం తీసి ఇచ్చాను. చివరి ప్రశ్న దగ్గర ఆమె వేలు ఆగింది. "తగదు. ఇది మీ మాటయేనా?"

"మొదటిరోజు మాటండీ."

"నేటి మాట ఏది?"

అయ్యగారి పెన్ను అడిగి తీసుకుని, పెన్సిలు రాతను కొట్టేసి, సిరాతో "తగును" అని రాశాను. గీత గీయలేదు. రాసేటప్పుడు నా వేళ్ళు కూడా అదే తుమ్మచెక్క రంగులో ఉన్నాయి. ఛైర్మన్‌గారు ఫారం చదివి, మడిచి కోటు జేబులో పెట్టుకుని, "ఒక ఏడాది చూద్దాం" అన్నారు. ఆ మాట అర్థమై పిల్లలు అరవడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ తరవాత వాళ్ళను ఆపడం ఎవరి వల్లా కాలేదు. టీచరమ్మ పరుగెత్తుకెళ్ళి హార్మోనియం తెచ్చింది. లేవని మెట్లతోనే వాయించింది. అంత అపస్వరంలో అంత ఆనందంగా పాడిన కీర్తన నేను మళ్ళీ వినలేదు.

నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది, ఛైర్మన్‌గారు మాట నిలబెట్టుకున్నారు. మేట్రన్ నా యూనిఫారాలను శిక్షణలో ఉన్న అమ్మాయిలకు చూపించి, సోడా గురించి ప్రతి సంవత్సరం ఒక క్లాసు చెప్పేది. నన్ను పక్కనే నిలబెట్టి.

మరుసటి ఎండాకాలం "ఎవరు వెళ్తారు?" అని అడిగినప్పుడు, ఎక్కడికో తెలిసే చెయ్యి ఎత్తాను. ఇల్లు ఉంది. పిల్లలు ఇరవై ఆరుగురయ్యారు. తమ్ముడు అక్క చంక దిగి, ఇసకలో మిగతా పిల్లలతో కొట్లాడుతున్నాడు, నన్ను చూసి బొచ్చు కోటు తెచ్చావా అని అడిగాడు. ఒడ్డుకు వెళ్ళాను. పల్లె పెద్ద వల కుట్టుకుంటూనే ఉన్నాడు. ఏడాదిగా నన్ను తొలుస్తున్న సంగతి అడిగేశాను.

"పెద్దాయనా, ఆ కట్టుబాటు నిజంగా ఉందా? కొప్పెరలో ఉడికింది వూరు దాటకూడదని?"

"ఏం కట్టుబాటు? పోయిన నెల్లోనే ఆరు వలలు పక్కూరోళ్ళకి అమ్మినా."

"మరి కమిటీ ముందర గంగమ్మ పేరు పెట్టి అట్టా చెప్పినారే!"

ఆయన దారం పంటితో తెంపి, నావైపు చూశాడు. "నువ్వు ఉన్న నిజమంతా చెప్పేసినావు గదమ్మా. దాంతో పని జరగలా. ఇంక అబద్ధం చెప్పేదానికి ఎవురో ఒకరు గావాల. మీ అయ్యగారు చూస్తే ఆ రకం గాదు. అందుకని నేనే చెప్పినా."